కీలులోకే మందు: కీళ్లవాతంలో సూది మందుపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫార్మసీ కళాశాలలో మందుల తయారీ పాఠాలు చెబుతాను. మా అమ్మకు 14 ఏళ్లుగా కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఈ రెండు సంగతులూ తెలిసిన బంధువులు పెళ్లిపందిళ్లలోనూ ఫోనుల్లోనూ నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. నేను వైద్యురాలిని కాను. ఎవరి కీలుకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది తేల్చాల్సింది కీళ్లవాత నిపుణుడైన రుమటాలజిస్టు. మందు కీలులోకి వెళ్లాక దాని గతి ఏమవుతుంది, ఎందుకలా అవుతుంది అన్నంత వరకే నా మాట.

కీళ్లవాతం, మోకాళ్ల అరుగుదల ఒకటేనా?

కాదు. ఇక్కడ తికమకపడితే మిగతా ప్రశ్నలన్నీ దారి తప్పుతాయి.

అరుగుదల అంటే ఆస్టియో ఆర్థ్రైటిస్. ఎముకల చివర ఉండే మృదులాస్థి, అంటే మనవాళ్లు గుజ్జు అని పిలిచేది, వయసుతోనో బరువుతోనో పాత దెబ్బలవల్లో పలచబడటం. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఆటోఇమ్యూన్ జబ్బు. బయటి క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే తిరగబడుతుంది. దాని గురి ప్రధానంగా కీలు సంచికి లోపలివైపు ఉండే సైనోవియం అనే పొర. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర పైవరస ఒకటి రెండు కణాల మందం మాత్రమే. జబ్బు వస్తే అది వాచి, దళసరెక్కి, పక్కనున్న మృదులాస్థి మీదికీ ఎముక మీదికీ పాకి వాటిని కొరుక్కు తింటుంది. ప్రపంచంలో ప్రతి 200 మందిలో ఒకరికో ఇద్దరికో ఈ జబ్బు ఉంటుంది. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

తేడా తెల్లవారుజామున తెలుస్తుంది. అరుగుదల ఉన్నవారికి నిద్ర లేచాక పట్టేసిన కీళ్లు సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటాయి. కీళ్లవాతం ఉన్నవారికి గంట దాటినా పిడికిలి బిగియదు. మా అమ్మ జబ్బు మొదట బయటపడింది ముగ్గు దగ్గర. పిండి చిటికెడు పట్టి వదలడం చేతకాక, తెల్లారి వేసే ముగ్గును టిఫిన్లు అయ్యాక వేయడం మొదలుపెట్టింది. బద్ధకం అనుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

అయితే రెండు చేతుల కీళ్లూ వాచినంత మాత్రాన అది కీళ్లవాతమే కానక్కరలేదు. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా చుట్టబెట్టినప్పుడు, జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టుకుపోయి నడవలేకపోయినవారిని ఎందరినో చూశాం. పరీక్షలు చేయించి తేల్చుకోవాల్సిందే.

జబ్బు ఒళ్లంతా ఉన్నప్పుడు ఒక్క కీలులో మందు వేస్తే ఏం లాభం?

నన్ను అడిగిన ప్రశ్నల్లో మంచి ప్రశ్న ఇదే. జబ్బు మూలం ఒళ్లంతా ఉన్న మాట నిజం. అందుకే అసలు వైద్యం మెథోట్రెక్సేట్ లాంటి మందులతో, అవసరమైతే జీవకణాల్లో తయారుచేసే బయోలాజిక్ ఇంజెక్షన్లతో, ఒంటి మొత్తానికీ జరుగుతుంది. కానీ మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా ఒక మోకాలు కుండలా వాచి, మనిషి మంచం దిగలేకపోతే? లేదా మందులు పనిచేసి మిగతా కీళ్లన్నీ శాంతించాక, ఒక్క మణికట్టు మాత్రం మాట వినకుండా మొండికేస్తే?

ఆ ఒక్కదాని కోసం ఒంటి మొత్తానికీ మోతాదు పెంచడం పొలంలో ఒక మడి ఎండితే ఊరి చెరువుకు గండి కొట్టడం లాంటిది. వాపును అణిచే స్టిరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం మింగితే ఎముకలు బోలుగా మారతాయి, చక్కెర పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, కంటిలో శుక్లాలు వస్తాయి. అదే మందును కొద్ది మోతాదులో నేరుగా కీలులో వేస్తే, అక్కడ కావలసినంత గాఢత దొరుకుతుంది, మిగతా ఒంటికి ఆ బాధ చాలావరకు తప్పుతుంది. చాలావరకు అన్నాను, పూర్తిగా అనలేదు. ఆ సంగతి షుగరు ప్రశ్న దగ్గర చెబుతాను.

ఆ సూదిలో ఉండే మందు ఏమిటి?

దాదాపు ఎప్పుడూ స్టిరాయిడే. మన దగ్గర ఎక్కువగా వాడేవి ట్రయామ్సినోలోన్ అసిటోనైడ్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అసిటేట్. మోకాలికి 40 నుంచి 80 మిల్లీగ్రాములు, వేళ్ల కీళ్లకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ.

ఈ ఆలోచన పాతదే. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్లవాతంతో కదలలేని ఒక యువతికి తొలిసారి కార్టిజోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ సంబరం సాగుతుండగానే దుష్ఫలితాలూ వరసకట్టాయి. ఒంటికంతా ఇస్తే ఇన్ని చిక్కులుంటే కీలుకే ఇస్తే పోదా అని, ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హోలాండర్ హైడ్రోకార్టిజోన్‌ను నేరుగా కీళ్లలోకి ఎక్కించి 1951లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఈనాటి మోకాలి సూదికి వంశమూలం అక్కడుంది.

మందు వేసేది కీలులోనే కదా, అక్కడే ఉండిపోదా?

ఉండదు. కీళ్లకు మందు తయారుచేసేవాళ్లకు 70 ఏళ్లుగా నిద్ర పట్టనివ్వని చిక్కు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను.

కీలును మనం మూతి బిగించిన సంచి అనుకుంటాం. నిజానికది జల్లెడ. సైనోవియం పొర కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండవు, మధ్యలో సందులుంటాయి. చాలా పొరల అడుగున ఉండే బేస్‌మెంట్ పొర అనే దడి దీనికి లేదు. దాని వెనకే చిక్కటి రక్తనాళాల వల, కణాల మధ్య ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫు నాళాలు. అందుకే నీటిలో కరిగిన చిన్న అణువుల మందు ఏదైనా కీలులో వేస్తే, కొన్ని గంటల్లోనే రక్తంలోకి జారుకుంటుంది. ప్రొటీన్ల వంటి పెద్ద అణువులు లింఫు దారిన కాస్త నెమ్మదిగా వెళతాయి, అయినా వెళతాయి. వాపు ఉన్న కీలులో రక్తప్రసారం ఇంకా ఎక్కువ. అంటే మందు అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడినుంచే అది తొందరగా పారిపోతుంది.

మరి ట్రయామ్సినోలోన్ వారాల తరబడి ఎలా పనిచేస్తుంది? కరగదు కాబట్టి. దాని సీసాను ఎప్పుడైనా చూశారా? కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి పేరుకుని, పైన నీళ్లు తేరుకుని ఉంటాయి. కదిపితే పలచటి మజ్జిగలా అవుతుంది. ఆ తెలుపంతా నీటిలో సులువుగా కరగని సూక్ష్మ స్ఫటికాలు. నోట్లో చెంచాడు పంచదార వేసుకుంటే క్షణంలో కరిగి గొంతు దిగిపోతుంది. పటికబెల్లం పలుకు బుగ్గన పెట్టుకుంటే చాలాసేపు ఊరుతూ ఉంటుంది. కీలులో ఈ స్ఫటికాలు చేసేది పటికబెల్లం పని. ట్రయామ్సినోలోన్‌కే ఇంకో రూపం హెక్సాసిటోనైడ్. అది ఇంకా మొండిగా కరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మా విద్యార్థులకు నేను ఏటా ఇదే చెబుతాను: మాత్రలకు కరగకపోవడం జబ్బు, ఈ సూదికి అదే సుగుణం. (అన్నట్టు, ఈ తెల్లమందును నరంలోకి ఎక్కించకూడదు. సీసా మీద రాసే ఉంటుంది.)

ఒకసారి వేస్తే ఎన్నాళ్లు ఉపశమనం?

కొందరికి మూడు నాలుగు వారాలు, కొందరికి కొన్ని నెలలు. కీలు ఎంత దెబ్బతిని ఉంది, లోపల వాపు ఎంత ఉంది, ఏ మందు వేశారు, ఒంటికి ఇచ్చే మందులు పనిచేస్తున్నాయా అన్నదాన్ని బట్టి మారుతుంది. వాపు, వేడి ఉన్న కీలుకు సూది బాగా పనిచేస్తుంది. ఎముకకు ఎముక తగిలేదాకా అరిగిపోయిన కీలులో అంత ఆశ పెట్టుకోవద్దు, అక్కడ చల్లార్చడానికి మంట మిగలదు.

బాగా నొప్పి పుడుతుందా? అసలు ఎలా వేస్తారు?

మా అమ్మకు వేసినప్పుడు పక్కనే ఉన్నాను. బల్లమీద పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కాలు కొద్దిగా వంచారు. చిప్పకు పక్కన వేలితో తడిమి, సందు దొరికాక బాల్‌పెన్ను రీఫిల్ లోపలికి లాగేసి దాని మొనతో నొక్కారు. చర్మం మీద చిన్న గుంట ముద్ర పడింది. స్పిరిట్‌తో తుడిచినా చెరగని గుర్తు! అయొడిన్ ద్రావణంతో మూడుసార్లు తుడిచి, అది ఆరేదాకా ఆగారు. ఆ ఆగడమే ముఖ్యం, క్రిములు చచ్చేది ఆరేటప్పుడే. తర్వాత సూది. అమ్మ పళ్లు బిగబట్టింది కానీ కేక వేయలేదు. రక్తం తీసే సూదికంటే కాస్త ఎక్కువ, పంటి నొప్పికంటే చాలా తక్కువ అని ఆమె లెక్క.

ముందు నీరు తీశారు. రెండు సిరంజీలు నిండాయి. ఆరోగ్యమైన మోకాలిలో ఆ ద్రవం చెంచాడు కూడా ఉండదు. లేత పసుపు రంగులో, వెనక దినపత్రిక పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తీగపాకంలా సాగుతుంది. అమ్మ మోకాలి నుంచి వచ్చింది బియ్యం కడుగు నీళ్లలా మసకగా ఉంది, సిరంజి మొన నుంచి ఒట్టి నీళ్లలా చుక్కలు చుక్కలుగా రాలింది. జిగురునిచ్చే హైలురోనిక్ ఆమ్లం వాపువల్ల ముక్కలైపోవడమే దానికి కారణం. సూది అక్కడే ఉంచి సిరంజి మాత్రం మార్చి మందు ఎక్కించారు. మొత్తం పది నిమిషాలు.

చిన్న కీళ్లకు, తుంటికి అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ వేస్తారు. చేత్తో తడిమి వేస్తే మందు కొన్నిసార్లు కీలు బయట పడుతుంది. తుంటి లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ గుడ్డిగా వేయడం మంచిది కాదు.

నీరు తీస్తే మళ్లీ మళ్లీ ఊరుతుందంటారు, నిజమేనా?

నీరు ఊరేది తీసినందుకు కాదు, లోపలి మంట ఆరనందుకు. నిజానికి కథ తిరగేసి ఉంది. స్వీడన్ వైద్యులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రుమటాయిడ్ మోకాళ్లలో నీరు పూర్తిగా తీసి స్టిరాయిడ్ వేసినవారికి, తీయకుండా వేసినవారికంటే వాపు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. పైగా ఆ నీటిని పరీక్షకు పంపితే చీము ఉందా, యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే గౌట్ జబ్బు స్ఫటికాలున్నాయా అన్నదీ తేలుతుంది. చీము పట్టిన కీలులో స్టిరాయిడ్ వేస్తే నిప్పుమీద నెయ్యి పోసినట్టే.

వేయించుకున్నాక ఎన్నాళ్లు కదలకూడదు?

మోకాలికైతే 24 గంటలు విశ్రాంతి ఇవ్వండి. 1994లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో, సూది తర్వాత ఒక రోజు మంచం మీదే ఉన్నవారికి లాభం ఎక్కువ కాలం నిలిచింది. కాలు ఆడిస్తే రక్తప్రసారం పెరిగి మందు తొందరగా జారిపోతుంది, జల్లెడ కథే. మణికట్టుకు మాత్రం పట్టీ వేసి కదలకుండా ఉంచినందువల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చి, నొప్పి తగ్గిందని ఆ సాయంత్రమే గుడి మెట్లెక్కినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. మొదటిరోజు తగ్గేది చాలావరకు మందులో కలిపిన మత్తువల్ల, నీరు తీసి ఒత్తిడి తగ్గించినందువల్ల. స్టిరాయిడ్ పని తెలియడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు.

నాకు షుగరు ఉంది. వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. కానీ ముందే వైద్యుడికి చెప్పండి. కీలు జల్లెడ అన్నాను కదా, ఆ స్టిరాయిడ్‌లో కొంత రక్తంలోకి వస్తుంది. కొన్ని రోజులపాటు, కొందరికి వారం దాకా, చక్కెర పెరుగుతుంది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఆ వారం రోజుకు రెండు మూడుసార్లు చూసుకోండి. ఇన్సులిన్ వాడేవారు మోతాదు సంగతి ముందే మాట్లాడుకోవాలి. రెండు మోకాళ్లకూ ఒకేసారి వేయించుకుంటే ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. కొందరికి మరునాడు ముఖం ఎర్రబడి వేడిగా ఉంటుంది, దాని అంతట అదే పోతుంది. దీన్నే మనవాళ్లు ‘వేడి చేసింది’ అంటారు. మజ్జిగ తాగితే తగ్గిందని చెబుతారు. తాగకపోయినా తగ్గేది, కానీ మజ్జిగతో నష్టం లేదు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నాను, ఆపాలా?

మీ అంతట మీరు ఆపవద్దు. చాలా సందర్భాల్లో ఆపకుండానే వేస్తారు.

ఎన్నిసార్లు వేయించుకోవచ్చు? గుజ్జు కరిగిపోతుందా?

ఒకే కీలుకు మూడు నెలల్లోపు రెండోసారి వేయకపోవడం, ఏడాదికి మూడు నాలుగుసార్లు మించకపోవడం వైద్యుల్లో వాడుకగా ఉన్న లెక్క.

గుజ్జు భయానికి ఆధారం లేకపోలేదు. 2017లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో మోకాళ్ల అరుగుదల ఉన్న 140 మందిలో సగం మందికి ప్రతి 12 వారాలకోసారి రెండేళ్లపాటు ట్రయామ్సినోలోన్, మిగతా సగానికి ఒట్టి ఉప్పునీరు ఎక్కించారు. మందు వేసినవారిలో మృదులాస్థి కాస్త ఎక్కువగా తగ్గింది, నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ వారంతా అరుగుదల ఉన్నవారు, కీళ్లవాతం ఉన్నవారు కారు. కీళ్లవాతంలో ఆరని మంటే మృదులాస్థిని తినేస్తుంది, దాన్ని చల్లార్చడమే గుజ్జును కాపాడటం. ఆ అధ్యయనాన్ని చూపించి కీళ్లవాతం రోగిని సూదికి దూరం పెట్టడం నా ఉద్దేశంలో పొరపాటు. అలాగే, ఏడాదిలో నాలుగోసారి అదే మోకాలికి సూది అవసరం పడిందంటే ఆలోచించాల్సింది సూది గురించి కాదు, ఒంటికిచ్చే మందులు సరిపోవడం లేదేమోనని.

మోకాలి మార్పిడి శస్త్రచికిత్స అనుకుంటున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లోపు ఆ మోకాలికి స్టిరాయిడ్ పడితే, కొత్త కీలుకు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

ఏ లక్షణాలు కనబడితే పరుగెత్తాలి?

సూది వేసిన రాత్రి లేదా మరునాడు నొప్పి కాస్త పెరగడం కొందరిలో మామూలే. స్ఫటికాల రాపిడికి వచ్చే మంట అది. మంచుగడ్డ కాపడంతో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అలా కాక మూడోరోజుకు నొప్పి ఇంకా పెరుగుతూ, జ్వరం, చలి, కీలు కాలిపోతున్నట్టు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టడం చాలా అరుదు, వేలల్లో ఒకరికి. కానీ పట్టిందంటే రోజుల్లో కీలును పాడుచేస్తుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారిలో జ్వరం అంతగా కనిపించకపోవచ్చు, కాబట్టి నొప్పినే నమ్మండి. సూది పడిన చోట చర్మం పలచబడి తెల్లమచ్చలా మారడం ఇంకో చిక్కు. అది చిన్న కీళ్ల దగ్గర, మన ఛాయ చర్మాల్లో బాగా కనిపిస్తుంది, కొన్ని నెలలకు చాలామందిలో మళ్లీ రంగు వస్తుంది.

మెథోట్రెక్సేట్‌నే నేరుగా కీలులో వేయవచ్చు కదా?

ప్రయత్నించారు. లాభం కనిపించలేదు. నీటిలో కరిగే చిన్న అణువు, గంటల్లో జారిపోయింది. వాపును రెచ్చగొట్టే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే బయోలాజిక్ మందులను కూడా కీలులో వేసి చూశారు. స్టిరాయిడ్‌కంటే మెరుగని తేలలేదు. పొట్టమీదో తొడమీదో చర్మం కింద వేసుకునే మెథోట్రెక్సేట్ సూది వేరు, అది కీలు కోసం కాదు, ఒంటి మొత్తానికి.

ఈ మందు పేరు ఎత్తితే నాకు ఊరుకోబుద్ధి కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందం 1940ల్లో ఫోలిక్ ఆమ్లం (ఫోలేట్) అనే విటమిన్‌ను సంశ్లేషించింది, దానికి పోటీగా నిలిచి కణాలను ఏమార్చే అణువులనూ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో లోకానికి చూపించారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. మరుసటి నెలలోనే మేయో క్లినిక్‌లో ఆ యువతికి కార్టిజోన్ పడింది. 1951లో అమినోప్టెరిన్ కీళ్లవాతానికీ పనిచేస్తుందని గమనించారు. అయినా అదే ఏడాది మొదలైన సూది ఊరూరికీ చేరింది కానీ, మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చేసరికి 1988 అయింది. ఇవాళ మా అమ్మ చేతిలో ఉన్న అట్టలో ఆ పసుపు మాత్ర చూసినప్పుడల్లా భీమవరం గుర్తొస్తుంది.

వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర అది. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. మా ఇంట్లో క్యాలెండరు మీద ప్రతి ఆదివారం పక్కన పెన్సిలుతో టిక్కు పెడతాం.

గుజ్జు ఇంజెక్షన్, పీఆర్‌పీ సంగతేమిటి?

గుజ్జు ఇంజెక్షన్ అంటే హైలురోనిక్ ఆమ్లం. అది అరుగుదలకు వాడేది, అక్కడ కూడా దాని లాభం మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు తీసి వేసే పీఆర్‌పీ కీళ్లవాతంలో ప్రామాణిక వైద్యం కాదు. ఖర్చు పెట్టే ముందు ‘ఇది అరుగుదలకా, వాతానికా’ అని ఒక్క ప్రశ్న అడగండి.

పైపూత జెల్లులు, నూనెలు?

డైక్లోఫెనాక్ జెల్ చర్మం దాటి కొంత లోపలికి వెళుతుంది. వేళ్లలాంటి పైపై కీళ్ల నొప్పికి కాస్త ఉపశమనం. జబ్బును మాత్రం ఆపదు. నూనె మర్దనలో హాయి ఉంది, కాదనను. వాచి ఎర్రగా ఉన్న కీలును గట్టిగా పిసకవద్దు, అంతే.

కొత్తగా ఏం వస్తున్నాయి?

అన్నీ ఆ జల్లెడకు విరుగుడు వెతకడమే.

ఒక దారి, మందును కరిగిపోయే గుళికల్లో పెట్టడం. పీఎల్‌జీఏ అనే పాలిమరుంది, ఆపరేషన్ తర్వాత లోపలే కరిగిపోయే కుట్టు దారాల్లో వాడే కుటుంబానిదే. దాంతో చేసిన సూక్ష్మ గోళాల్లో ట్రయామ్సినోలోన్ నింపిన జిల్‌రెట్టాకు 2017 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. 32 మిల్లీగ్రాముల మందు, కీలు ద్రవంలో 12 వారాల దాకా కనిపిస్తుంది. రక్తంలోకి ఒక్కసారిగా పొంగదు కాబట్టి చక్కెర కూడా తక్కువ పెరుగుతుంది. కానీ ఆ అనుమతి మోకాళ్ల అరుగుదలకే, కీళ్లవాతానికి కాదు.

రెండోది నాకు బాగా నచ్చింది. బోస్టన్ పరిశోధకులు 2018లో ఒక జెల్ గురించి రాశారు. కీలులో వాపు ముదిరినప్పుడు అక్కడ కొన్ని ఎంజైములు విజృంభిస్తాయి, మృదులాస్థిని కొరికేవి అవే. ఈ జెల్ వాటి పళ్లకే చిక్కి విడిపోయి మందును వదులుతుంది. వాపు తగ్గితే ఎంజైములు తగ్గుతాయి, మందు విడుదలా తగ్గుతుంది. దొంగ తలుపు తడితేనే మొరిగే కుక్కలాంటి మందన్నమాట. ఎలుకల్లో వాపు తగ్గించింది. ఎలుకల్లో గెలిచిన మందులన్నీ మనుషుల దాకా వస్తే నా పాఠ్యపుస్తకం ఇప్పటికి పది సంపుటాలయ్యేది.

మూడో దారిలో కీలులో గుచ్చే పనే లేదు. వాచిన కీలు దగ్గర రక్తనాళాలు ఎలాగూ కారుతుంటాయి, ఆ సందుల్లోంచి మాత్రమే దూరే నానో కణాలను నరంలోకి ఎక్కిస్తే అవి అక్కడే పోగుపడతాయన్నది ఊహ. జపాన్‌లో కొవ్వు బిందువుల్లో నింపిన డెక్సామెథసోన్ పాల్మిటేట్ అనే స్టిరాయిడ్‌ను ఇలా చాలాకాలంగా కీళ్లవాతానికి వాడుతున్నారు. ఇంకొందరు ఆ కణాలకు ఫోలిక్ ఆమ్లాన్ని విలాసం చీటీలా అతికిస్తున్నారు. కీలులో రెచ్చిపోయిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు ఫోలేట్‌ను పట్టుకునే గ్రాహకాలను పైకి తెచ్చుకుంటాయి కాబట్టి, ఆ చీటీ చూసి లోపలికి లాక్కుంటాయి. చూశారా, మళ్లీ సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమే.

జన్యు చికిత్సనూ కీలులో ప్రయత్నించారు. 1996లో పిట్స్‌బర్గ్‌లో, ఎలాగూ మార్పిడి ఆపరేషన్ జరగబోతున్న మెటికల కీళ్లలోకి, వాపును ఆపే ప్రొటీన్ జన్యువు చేర్చిన కణాలను ఎక్కించి, అవి అక్కడ ఆ ప్రొటీన్‌ను తయారుచేస్తాయని చూపించారు. 2007లో ఇంకో ప్రయోగంలో, మోకాలికి వైరస్ వాహకంతో జన్యువు ఎక్కించుకున్న ఒక మహిళ తీవ్రమైన శిలీంధ్ర ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. ఆమె అప్పటికే రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్నారు. జన్యు మందే కారణమని విచారణలో తేలలేదు. అయినా ఆ దారిలో నడక అక్కడినుంచి చాలా నెమ్మదించింది.

రేడియో ధార్మిక సూది అంటే భయపడాలా?

స్టిరాయిడ్‌కు లొంగని కీలుకు కొన్నిచోట్ల వాడతారు. మోకాలికి ఇట్రియం-90, మణికట్టు వంటివాటికి రీనియం-186, వేళ్లకు ఎర్బియం-169. వాటి కిరణాలు కొద్ది మిల్లీమీటర్లే చొచ్చుకెళ్లి వాచిన పొరను మాడ్చేస్తాయి. గర్భిణులకు పనికిరాదు. కొత్త మందులు వచ్చాక దీని అవసరం బాగా తగ్గింది.

చిన్నపిల్లలకు వేస్తారా?

వేస్తారు, వారికి ఇది ఇంకా ముఖ్యం. పిల్లల్లో వచ్చే కీళ్లవాతమైన జువెనైల్ ఆర్థ్రైటిస్‌లో ఒకటి రెండు కీళ్లే వాచిన పిల్లలకు మందుల్లో మొదటి వరసలో ఉండేది ఈ సూదే. హెక్సాసిటోనైడ్ రూపాన్ని ఎంచుకుంటారు. ఏడవకుండా, కదలకుండా ఉండటానికి తేలికపాటి మత్తు ఇస్తారు. ఒక కాలు వాపు అలాగే వదిలేస్తే ఆ కాలు పొడుగు తేడా వస్తుంది. ఈ పిల్లల్లో కొందరికి ఎర్రదనం, నొప్పి లేకుండానే కంట్లో వాపు వస్తుంది కాబట్టి కంటి వైద్యుడికి క్రమం తప్పకుండా చూపించాలి.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ 300 రూపాయలకే వేస్తానంటున్నాడు.

వద్దు. సూది గుచ్చడం కష్టమని కాదు. కీలులో ఉన్నది వాతమా, చీమా, గౌటా అని తేల్చడం, చర్మం మీది క్రిమిని లోపలికి పంపకుండా గుచ్చడం కష్టం. పేరులేని పొట్లం మాత్రల సంగతీ అంతే. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టిరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. నెలల తరబడి వాడి ఉంటే హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. పొట్లం పట్టుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి, దాచకండి.

సూది తర్వాత పూర్తిగా బాగుంది. మాత్రలు మానేయవచ్చా?

మా అమ్మ మానేసింది. మాకు చెప్పలేదు. మోకాలు తేలికపడ్డాక, ‘ఇంత మంచి సూది ఉండగా వారం వారం ఆ వాంతి మాత్రెందుకు’ అనుకుని, అట్టలోంచి మాత్రలు తీసి పెరట్లో పారేసేదట. క్యాలెండరు మీద టిక్కులు మాత్రం వరసగా పడుతూనే ఉన్నాయి. మోకాలు నిజంగానే మూడు నెలలు బాగుంది. రెండో నెలలోనే కుడిచేతి మెటికలు వాచాయి, తర్వాత ఎడమవి, తర్వాత భుజం. సూది వేసింది మోకాలికి, మెటికలకు కాదు కదా. మళ్లీ మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ సరిచూసి, వికారం తగ్గడానికి రాత్రి అన్నం తర్వాత వేసుకునేలా మార్చి, వేళ్లు దారికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. కుడిచేతి చూపుడు వేలు మాత్రం కొద్దిగా వంకరపోయింది.

ఇప్పుడు టిక్కు పెట్టేది నేను. ముగ్గు మళ్లీ తెల్లారే పడుతోంది, చుక్కలు కాస్త దూరదూరంగా.